అల్లుడుగారు గుడ్డలుతికిన కార్తీకం

మా కోనసీమలో తొలి కాన్పు పుట్టింట్లోనే. సూడిదలు పెట్టి కూతుర్ని తెచ్చుకుంటారు, మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డతో సహా అత్తారింటికి సాగనంపుతారు. ఆ నెలలన్నీ బిడ్డ తండ్రి ఉత్త చుట్టం. ఆదివారం పొద్దున్న వస్తాడు. కాళ్ళు కడుక్కుని కుర్చీలో కూర్చుంటాడు. ఒళ్ళో బిడ్డని పెడితే గాజు సామాను పట్టుకున్నట్టు పట్టుకుని, అది ఒకసారి మూలిగేసరికి గాభరాగా ఎవరికో ఒకరికి అందించేస్తాడు. కోడికూర తిని సాయంత్రం బస్సెక్కుతాడు. మా బావగార్లందరూ ఇలాగే తండ్రులయ్యారు. మా ఆయన కూడా ఇలాగే అయ్యుండేవారు, 1996 నవంబరు 6న తుఫాను రాకపోతే.

మా అమ్మాయి పుట్టింది ఆ అక్టోబరు చివర్లో, అమలాపురంలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో. రెండు కిలోల ఏడు వందల గ్రాములు. ఆయన అప్పుడు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ చూసేవారు. మా వీధిలో ఫోనున్న ఒకే ఒక్క ఇంట్లోంచి కబురు చేస్తే, రాత్రి రైలుకి బయల్దేరి వచ్చి, పాపని చూసి, "ముక్కు మీదేనండీ" అని మా నాన్నతో మర్యాదకి ఒక మాట చెప్పి వెళ్ళిపోయారు. మామా అల్లుళ్ళ మధ్య అప్పటిదాకా జరిగిన సంభాషణల్లో పొడుగైనది అదేననుకుంటా.

మొదటి వారం రోజులూ మా ఇంట్లో జరిగిన యుద్ధం డాక్టరమ్మకీ మా అమ్మమ్మకీ మధ్య. ఒకరినొకరు చూసుకున్నది ఒక్కసారే, కానీ ప్రతి పూటా ఒకరి మాట ఇంకొకరు కొట్టేసేవారు. ముర్రుపాలు పిండి పారబోయాలని అమ్మమ్మ. చిక్కగా పచ్చగా వచ్చే ఆ కాసిని పాలే బిడ్డకి మొదటి టీకా, చుక్క కూడా పోనివ్వద్దని డాక్టరమ్మ. నాలుక మీద తేనె రాస్తే మాటలు తీయగా వస్తాయని అమ్మమ్మ, ఏడాది నిండేదాకా తేనె మాటే ఎత్తొద్దని డాక్టరమ్మ. ఉగ్గుగిన్నె, వసకొమ్ము, సానరాయి తయారుగా పెట్టుకుని కూర్చున్న మనిషికి, నాలుగు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దంటే ఎంత చిన్నతనం! (అప్పట్లో నాలుగు నుంచి ఆరు నెలలనేవారు, ఇప్పుడు నికరంగా ఆరు నెలలంటున్నారు.) బొడ్డు దగ్గర పసుపూ బూడిదా అద్దకుండా పొడిగా వదిలేయమన్నారని కూడా అమ్మమ్మకి కోపమే. అది దానంతటదే ఎండి ఊడిపోయాక మాత్రం, తనే దగ్గరుండి నయం చేసినట్టు అందరికీ చెప్పుకుంది.

పథ్యం సంగతి వస్తే డాక్టరమ్మ అన్నీ తినమంది, అమ్మ ఏదీ పెట్టలేదు. మొదటి ముద్ద సొంఠిపొడీ నెయ్యీ. తర్వాత వెల్లుల్లి కారం. కూరంటే బీరకాయ, పొట్లకాయ. పాలు పడాలని సొరచేప పుట్టు. పొద్దున్నే కాయం ఉండ. మంచినీళ్ళు కూడా లెక్కపెట్టి ఇచ్చేవారు, బాలింతకి ఒళ్ళు నీరు పడుతుందని. పాలిచ్చే మనిషికి ఎంత దాహమేస్తుందో, ఇచ్చినవాళ్ళకే తెలుస్తుంది. మిగతావన్నీ క్షమించేశాను గానీ ఆ నీళ్ళ లెక్క మీద నాకిప్పటికీ కోపమే.

నీళ్ళు పోయడానికి కాలవ అవతల నుంచి ఒక మామ్మ వచ్చేది. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, వాటి మీద పాపని బోర్లా పడుకోబెట్టుకుని, నూనె రాసి, సున్నిపిండితో నలిచి, చెంబులు చెంబులు పోసేది. నాకు ప్రాణం మీదకొచ్చేది. ఆవిడేమో, "ఏం కాదండమ్మా, మిమ్మల్నీ ఈ చేతుల్తోనే రుద్దాను, ఆయ్" అనేది. చివరి చెంబు నీళ్ళు చుట్టూ తిప్పి పోసి, శ్రీరామరక్ష చెప్పి, సాంబ్రాణి పొగ వేసి, అరికాల్లో కాటుక చుక్క పెట్టి నా పక్కలో పడేస్తే, పాప మూడు గంటలు కదిలేది కాదు. పొగ పసిపిల్లల ఊపిరికి మంచిది కాదని ఇప్పటి డాక్టర్లు చెప్తారు. కాదనను. నాకు మాత్రం ఆ మూడు గంటలే నిద్ర.

పదకొండో రోజు పురిటి స్నానం అయింది. ఇంకో రెండు రోజులకి తుఫాను.

పొద్దున్నుంచీ ముసురు పట్టింది. రేడియోలో ప్రమాద సూచికలు ఎగరేశారని చెప్తూనే ఉన్నారు. ఆ రోజుల్లో ఏటా ఒకటో రెండో వాయుగుండాలు వినే ఊరు మాది, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. సాయంత్రం కరెంటు పోయింది. చీకటి పడ్డాక గాలి పెరిగింది. పెరుగుతూనే ఉంది. మాది పాత పెంకుటిల్లు. కాసేపటికి పెంకులు లేచిపోవడం మొదలైంది. ఒక్కొక్కటీ ఎగిరి ఎక్కడో గోడకి తగిలి పగిలిన చప్పుడు. నాన్న లాంతరు పట్టుకుని వచ్చి, "పిల్లని తీసుకుని వెనక గదిలోకి నడవండి" అన్నాడు.

వెనక గదంటే ఆ ఏడాదే వేసిన స్లాబు గది. కొబ్బరికాయల రాశి, ఎరువు బస్తాలు, పాత సామాను. కాయల్ని ఒక పక్కకి నెట్టి, గోనెసంచుల మీద దుప్పటి వేసి నన్ను కూర్చోబెట్టారు. చేటలో పాత పంచె మడతలు పరిచి పాపని పడుకోబెట్టి, ఆ చేట అమ్మమ్మ ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి తాటాకిళ్ళలో ఉన్నవాళ్ళందరూ తలుపు కొట్టుకుంటూ వచ్చేశారు. పిల్లలు, ముసలివాళ్ళు, ఒక మేక. మా అమ్మకి పురిటి గదిలోకి ఇంతమంది రావడమేమిటని ఒక్క క్షణం అనిపించే ఉంటుంది. పైకి మాత్రం అనలేదు.

పాపకి పాలివ్వాల్సి వచ్చినప్పుడు ఇద్దరాడవాళ్ళు చీర అడ్డం పట్టుకున్నారు. నాకు పాలు దిగలేదు. భయమో, చలో. పాప పట్టి పట్టి, విసిగిపోయి ఏడ్చింది. బయట గాలి హోరులో ఆ ఏడుపు నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. తుఫానంటే ఊళ్ళో అందరికీ ఆ హోరు గుర్తుంటుంది, కూలిన చెట్ల చప్పుడు గుర్తుంటుంది. నాకు గుర్తున్నది నా పాలు ఆగిపోయాయన్న టెన్షన్. చివరికి పాప నిద్రలోకి జారుకుంది. పెద్ద కొబ్బరిచెట్టు వెనక గోడని ఆనుకుని కూలినప్పుడు కూడా ఉలిక్కిపడలేదు. తెల్లవారుజామున గాలి తగ్గి అంతా నిశ్శబ్దమయ్యాక, అప్పుడు లేచి గుక్కపట్టి ఏడ్చింది. ఈసారి పాలు దిగాయి.

పొద్దున గుమ్మంలో నిలబడి చూస్తే పక్క ఊరి గుడి గోపురం కనపడింది. నేను పుట్టి పెరిగిన ఇంట్లోంచి అంతకుముందెప్పుడూ అది కనపడలేదు. మధ్యలో ఉండాల్సిన కొబ్బరితోటల్లేవు. అరటి మొత్తం నేలమట్టం. కరెంటు స్తంభాలు వంగిపోయి వైర్లు కాలవలో పడున్నాయి. సముద్రం ఒడ్డునున్న భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ళ కబురు రెండు మూడు రోజుల తర్వాత తెలిసింది. ఆ తుఫానులో వెయ్యిమందికి పైగా పోయారు. మా ఇంట్లో మనుషులం అందరం మిగిలాం. కప్పు సగం పోయింది, తోట పోయింది. కొబ్బరి మొక్క వేస్తే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. నాన్న గట్టు మీద కూర్చుని పడిపోయిన చెట్ల వైపు అలా చూస్తూ ఉండిపోయాడు. బిడ్డ పుట్టిన వేళ మంచిది కాదని ఎవరో అననే అన్నారు. అన్నది చుట్టమే. అమ్మమ్మ చీపురుకట్ట తీసింది. ఆ రోజు నుంచి తేనె గొడవలూ వసకొమ్ము గొడవలూ అన్నీ ఆవిడకి మాఫీ చేసేశాను.

దీపావళి ముందు రోజు మధ్యాహ్నం మా ఆయన వచ్చారు. పేపర్లో చూసి బయల్దేరారట. రాజమండ్రి దాకా ఎలాగో వచ్చి, అక్కణ్ణుంచి కొంత బస్సు, కొంత లారీ, రోడ్డుకి అడ్డంగా చెట్లు పడిన చోటల్లా నడక. ప్యాంటు మోకాళ్ళ దాకా బురద. భుజాన సంచిలో కొవ్వొత్తులు, బ్రెడ్డు, అగ్గిపెట్టెలు, పెద్ద డబ్బా పాలపొడి. ఆ పాలపొడి చూసి అమ్మమ్మ కళ్ళు మెరిశాయి. "తల్లికి తిండి లేదు, పాలు చాలవు, కలిపి పట్టేద్దాం" అంది. నేను ఒప్పుకోలేదు. పట్టినకొద్దీ ఊరతాయని డాక్టరమ్మ చెప్పింది కదా. పైగా నీళ్ళేవి? కాలవలో చచ్చిన గొడ్లు తేలుతున్నాయి, నూతుల నిండా ఆకులు. ఆ డబ్బా పాలపొడితో వీధి మొత్తానికి టీ పెట్టారు. కొంపలు కూలి గట్టు మీద కూర్చున్నవాళ్ళకి రెండు పూటలా వేడి వేడి టీ. పాడి ఉన్న ఇళ్ళల్లో కూడా పాలు లేని రోజులవి.

అసలు కథ అక్కడ మొదలైంది. చాకలామె ఇల్లు పడిపోయింది, ఆవిడ తన పిల్లలతో స్కూల్లో తలదాచుకుంది. నీళ్ళు పోసే మామ్మ కాలవ దాటి రాలేకపోయింది. అమ్మ ఇంటి కప్పు సంగతి, వచ్చిపోయేవాళ్ళ సంగతి చూస్తోంది. పసిపిల్ల గుడ్డలు మాత్రం రోజుకి పాతిక ముప్పై తడుస్తూనే ఉంటాయి. డైపర్లు అప్పటికి సిటీలో ఉన్నాయేమో, మా ఊరికి రాలేదు. పాత పంచెలు, మెత్తబడిన నేత చీరలు చింపి పెట్టుకున్న లంగోటీలు మూల గుట్టగా పేరుకుపోయాయి. గది నిండా వాసన. రెండో రోజు పొద్దున్న మా ఆయన లుంగీ ఎగ్గట్టి, ఆ గుట్టనంతా బకెట్లో వేసుకుని వీధి చివర బోరింగు పంపు దగ్గరికి బయల్దేరారు.

అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. "అల్లుడుగారూ, మీరుతకడమేంటండీ! నలుగురూ చూస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"చూడనివ్వండి అత్తయ్యగారూ. నా కూతురివే కదా" అన్నారు ఈయన. ఆగలేదు.

నాన్న గట్టు మీద నుంచి లేచాడు. తుఫాను తర్వాత తనంతట తను లేచి ఒక పనికి వెళ్ళడం అదే మొదలు. ఏమీ మాట్లాడకుండా వెనకే వెళ్ళి పంపు కొట్టడం మొదలుపెట్టాడు. మామగారు కొడుతున్నాడు, అల్లుడు ఉతుకుతున్నాడు. నేను వెళ్ళి చూడలేదు, బాలింతని కదా, అమ్మ చెప్తే విన్నాను. నీళ్ళ కోసం బిందెలు పట్టుకొచ్చిన ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారట. వరసకి మరదళ్ళయ్యేవాళ్ళు మేళమాడారట. మర్నాటి నుంచి ఇద్దరికీ అదే పని. వాళ్ళక్కడ ఏం మాట్లాడుకునేవారో తెలీదు గానీ, తోటలో మళ్ళీ ఏ మొక్క వేస్తే మంచిది, గవర్నమెంటు ఏమైనా ఇస్తుందా, బ్యాంకు లోను సంగతేంటి, ఈ లెక్కలన్నీ అక్కడే తేలాయి. మా నాన్న పోయేదాకా డబ్బు సంగతి ఏదున్నా కొడుకుల కంటే ముందు ఈయన్నే అడిగేవాడు.

గుడ్డలు ఉతకడం ఒకెత్తు, ఆరబెట్టడం ఇంకొకెత్తు. ఎండ మొహం చూసి ఎన్నాళ్ళో అయింది. అమ్మమ్మ కుంపట్లో నిప్పులు వేసి, మీద వెదురుబుట్ట బోర్లించి, దాని మీద ఒక్కొక్కటీ పరిచేది. వంటచెరుక్కి లోటు లేదు, ఊరంతా కొబ్బరి కమ్మలూ మట్టలే. తాగే నీళ్ళన్నీ తెర్ల కాచి చల్లార్చేవాళ్ళం. నాన్న పుణ్యమా అని కొబ్బరిబొండాలకీ కరువు లేదు, పడిన చెట్ల నిండా అవే. నాకు నీళ్ళు లెక్కపెట్టి ఇవ్వడం అప్పుడే ఆగిపోయింది. మా ఆయన ఎవరికీ చెప్పకుండా రాత్రిళ్ళు ఒక బొండాం చెక్కి ఇచ్చేవారు.

రాత్రిళ్ళంటే గుర్తొచ్చింది. పసిపిల్లలకి పగలూ రాత్రీ తేడా తెలియదంటారు. మాకు కరెంటు లేక ఆ తేడా ఇంకా చెరిగిపోయింది. సాయంత్రం ఆరింటికే చీకటి, లాంతరు, దోమలు. రెండేసి గంటలకి పాలు. తాగడం, కక్కడం, తడపడం, ఎక్కిళ్ళు, మళ్ళీ ఏడుపు. పాలిచ్చాక భుజాన వేసుకుని తేనుపు వచ్చేదాకా వీపు తట్టే డ్యూటీ ఆయన తీసుకున్నారు. మొదట్లో మెడ నిలవని పిల్లని ఎత్తుకోవాలంటే వణికేవారు. అమ్మమ్మ లాంతరు వెలుగులో ఆయన అరచెయ్యి పట్టుకుని, పాప మెడ కింద ఎక్కడ ఆనించాలో చూపించింది. అంతకుముందు అల్లుడి ఎదట పడటానికే సిగ్గుపడి తలుపు చాటు నుంచి మాట్లాడే మనిషి.

ఆయనకి జోలపాటలు రావు. అసలు పాటలే రావు. అందుకని తనకి నోటికొచ్చినదేదో గొణిగేవారు. హైదరాబాద్ నుంచి మా ఊరికి వచ్చే దారిలో స్టేషన్ల పేర్లు! "సికింద్రాబాద్... కాజీపేట... వరంగల్... మహబూబాబాద్... డోర్నకల్... ఖమ్మం... మధిర..." ఒక్కో పేరుకీ ఒక్కో తట్టు. మామూలుగా ఖమ్మం దాటేసరికి పడుకునేది. కడుపునొప్పి ఉన్న రోజున విజయవాడ, ఏలూరు, తాడేపల్లిగూడెం, నిడదవోలు అన్నీ దాటి రాజమండ్రి వచ్చేసి, మళ్ళీ వెనక్కి సికింద్రాబాద్ బయల్దేరేవారు. అవతల గదిలోంచి నాన్న గొంతు వినపడేది: "మధ్యలో కొవ్వూరు వదిలేశారు అల్లుడుగారూ."

మొన్న మా అమ్మాయికి పాప పుట్టింది, బెంగుళూరులో. కాన్పు గదిలోకి అల్లుణ్ణి రానిచ్చారు. గుడ్డలో బిడ్డని బిగించి చుట్టడం ఆస్పత్రిలోనే అతనికి నేర్పించారు. ఎన్నిసార్లు తాగింది, ఎన్నిసార్లు తడిపింది, అంతా ఫోన్లో రాసుకుంటాడు. మంచిదే, నాకు ముచ్చటేసింది. కాకపోతే ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే. మేం వెళ్ళేదాకా ఆ ఇద్దరూ నిద్ర లేక ఒకరి మీద ఒకరు ఎగిరిపడుతున్నారు. మా ఆయన సంచి కింద పెట్టి, చేతులు కడుక్కుని, పాపని అందుకుని "సికింద్రాబాద్" అన్నారు. మా అమ్మాయి, "నాన్నా, అది వైట్ నాయిస్ పెడితే పడుకుంటుంది" అంది. సరేలెండి, ఎవరి రోజులు వాళ్ళవి.

మళ్ళీ ఆ తుఫాను రోజుల సంగతికొస్తే, పాప చిక్కిపోయిందని ఇంట్లో అందరికీ అనుమానంగా ఉండేది. పుట్టిన వారంలో పిల్లలు కాస్త బరువు తగ్గుతారని, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకి రావాలని డాక్టరమ్మ చెప్పింది. చూపిద్దామంటే అమలాపురం దారి ఇంకా సరిగ్గా లేదు. మా ఆయన లెక్కల మనిషి, మనసు ఊరుకోలేదు. పాపని ఎత్తుకుని పక్కవీధి కిరాణా కొట్టుకి పట్టుకెళ్ళిపోయారు. కొట్టాయన తక్కెడ పళ్ళెం శుభ్రంగా తుడిచి, తువ్వాలు పరిచి, పాపని పడుకోబెట్టి, అవతల రెండు కిలోల గుండూ కిలో గుండూ పెడితే పాప వైపే మొగ్గింది. మూడు కిలోల పైమాటే! తువ్వాలు బరువు తీసెయ్యాలని ఈయన, తీసేసినా మూడుంటుందని కొట్టాయన. పసిపిల్లని ఉప్పూ పప్పూ తూచినట్టు తూస్తారా అని అమ్మమ్మ ఇద్దర్నీ కలిపి తిట్టి, ఆ పూటంతా ఉప్పూ ఎండుమిరపకాయలతో దిష్టి తీస్తూనే ఉంది. నాకు మాత్రం అప్పుడు ప్రాణం లేచొచ్చింది. స్లాబు గదిలో ఆ రాత్రి నుంచీ పట్టుకున్న భయం అక్కడితో వదిలింది.

దీపావళికి మా ఊళ్ళో టపాకాయ పేలలేదు. కొవ్వొత్తులు కూడా లెక్కగానే వెలిగించారు.

ఇరవై ఒకటో రోజున బారసాల. రెండు వందల మందికి భోజనాలనుకున్నది అప్పటికే ఆగిపోయింది. మానేద్దామన్నాడు నాన్న. అమ్మమ్మ వినలేదు. పంతులుగారు సైకిలు మీద బయల్దేరి, చెట్లు పడిన చోట సైకిల్నే భుజాన వేసుకుని వచ్చారు. ఉయ్యాల కట్టడానికి దూలం లేదు, స్లాబు గదిలో ఉన్న కొక్కేనికి అమ్మ పట్టుచీర కట్టారు. కొబ్బరికాయల రాశి ఒక పక్క అలాగే ఉంది. మా ఆయన పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాశారు. ఆ పేరు ఇక్కడ రాయనులెండి, మా అమ్మాయి ఊరుకోదు. రాసిన పేరు ఎవరూ పలకలేదు కూడా. ఆ రాత్రి మాతో స్లాబు గదిలో ఉన్నవాళ్ళందరికీ అది తుఫాను పిల్ల. ఇప్పటికీ ఊరికెళ్తే అలాగే పిలుస్తారు. పేరంటానికి శనగలు దొరకలేదు. పడిన చెట్ల కొబ్బరి కోరి, బెల్లం పాకం పట్టి ఉండలు చేసి పంచారు. వీధి వీధంతా తిన్నారు.

బారసాల అయ్యాక కూడా ఆయన ఇంకొన్నాళ్ళు ఉన్నారు. లీవు అయిపోయింది, జీతం కోత పడింది. చివరికి హైదరాబాద్ నుంచి ఆఫీసువాళ్ళ టెలిగ్రాం వస్తే వెళ్ళారు. వెళ్ళిన రాత్రి పాప ఊరుకోలేదు. నేను స్టేషన్లు చదవబోతే డోర్నకల్ తర్వాత ఏదో నాకు గుర్తురాలేదు. అమ్మమ్మ పాపని అందుకుని, తనకి తెలిసిన బస్సు దారి అందుకుంది. "రావులపాలెం... కొత్తపేట... అమలాపురం..." ఆవిడ జీవితంలో చూసిన ఊళ్ళు అవే మరి. దారి చిన్నదై త్వరగా అయిపోయేది. మళ్ళీ మొదలుపెట్టేది.

మూడో నెల వచ్చాక మమ్మల్ని తీసుకెళ్ళడానికి ఆయన వచ్చారు. అమ్మ చలిమిడి, పసుపు కుంకుమ, చీర పెట్టి పంపింది. సామాన్లో సగం పాత లంగోటీలే, అప్పటికి బాగా మెత్తబడ్డాయి, వదలబుద్ధి కాలేదు. రాజమండ్రిలో రైలెక్కాం. నిజం రైల్లో మాత్రం పిల్ల కన్ను మూయలేదు. ఏలూరు దాటింది, విజయవాడ దాటింది, ఒళ్ళో పడుకుని పైన ఫ్యాను వైపు చూస్తూ కాళ్ళు ఆడిస్తోంది. ఖమ్మంలో ఎదురు బెర్తు పెద్దాయన దుప్పటి తీసి, "ఈ పాప ఎప్పుడు పడుకుంటుందండీ?" అని విసుక్కున్నాడు. మా ఆయన వాచీ చూసుకుని, "రోజూ ఇక్కడికే పడుకునేదండీ" అన్నారు.